కడగకూడని పలక

మంగాయమ్మ ఇంట్లో మనుషులు ముగ్గురు, కుండలు ముప్పై ఆరు. రంగూన్‌లో, మింగళ తౌంగ్‌న్యున్ రైలుకట్ట పక్క కూలీల లైనులో, రెండు గదుల చెక్కయింటికి ఇన్ని కుండలెందుకంటే ఆమె మొగుడు పోలయ్యనే అడగాలి. అతను రేవులో బియ్యం బస్తాలెత్తే క్రేను నడుపుతాడు. మూడేళ్ళుగా ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున్నే లాంచీ ఎక్కి, కాలవ మీద కుమ్మరుల ఊరు ట్వంటే వెళ్తాడు, దీపాల వేళకి ఒక కుండ చంకన పెట్టుకుని తిరిగొస్తాడు. ఎందుకెళ్ళావంటే కుండ కోసం అంటాడు. ట్వంటే మట్టికి పేరుంది, కాదనం. కాని ఒక్క కుండ కోసం నెలనెలా కాలవ పట్టుకుని పోయే మగాణ్ణి నమ్మడానికి మంగాయమ్మేమీ నిన్నగాక మొన్న ఓడ దిగిన పిల్ల కాదు.

పెళ్ళయి భీమునిపట్నం నుంచి వచ్చి పదేళ్ళయింది. ఈ పదేళ్ళలో రేవు మగాళ్ళ సంగతి ఆమెకి బాగానే తెలిసింది. ఇక్కడో సంసారం, కాలవవతల బర్మా ఆవిడతో ఇంకో సంసారం. అడిగితే ఓవరుటైము అనేవాడొకడు, భజన అనేవాడొకడు. పోలయ్య కుండలన్నాడు, అంతే తేడా.

అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతానికి మేత కావాలి కదా, అది పోలయ్యే తెచ్చిపెట్టాడు. వెళ్ళేటప్పుడు మెత్తని బియ్యం, బెల్లం, పొగాకు మూటగట్టుకునేవాడు. ఒకసారి ఆ మూటలో ఆడవాళ్ళ మఖమలు చెప్పులు కనిపించాయి. ఇంకోసారి తిరిగొచ్చినప్పుడు చొక్కా భుజం మీద తనాకా మరక కనిపించింది. బర్మా ఆడవాళ్ళు బుగ్గలకి రాసుకునే ఆ గంధపు మరకని మంగాయమ్మ తన చేత్తోనే ఉతికింది. ఉతుకుతూ ఒక్క మాట అనలేదు. అడిగితే ఇంకో కుండ చూపిస్తాడని ఆమెకి తెలుసు.

ఇది చాలదన్నట్టు ఆమె నెత్తిన ఇంకో నింద ఉంది. కొడుకు బంగారురాజుకి ఏడేళ్ళు. వాడి కళ్ళు తేనెరంగువి, ఎండలో చూస్తే మరీ తేలిపోతాయి. తల్లి కళ్ళు నల్లన, తండ్రి కళ్ళు నల్లన. కుళాయి దగ్గర బిందెలు పెట్టి నిలబడ్డప్పుడు జోగి మేస్త్రీ పెళ్ళాం అప్పలమ్మ నవ్వుతూనే అనేది, ఓడలొచ్చే ఊరు కదా, ఆ పిల్లికళ్ళు ఏ ఓడలో దిగాయోనని. మంగాయమ్మ ఏ పాపమూ ఎరగదు. అయినా ఏడేళ్ళుగా ఆ మాట మింగుతూనే ఉంది. పోలయ్య మాత్రం ఆ సంగతి మీద ఏనాడూ పెదవి విప్పలేదు. అదీ ఆమెకి అనుమానంగానే ఉండేది. తన మీద నమ్మకముండి అడగలేదా, తన తప్పు బయటపడుతుందని అడగలేదా?

ఆ ఇంటి ముందు గదిలో, తూర్పు గోడకి, పెద్దల పలక ఉంది. జానెడు పొడవు, చుట్టూ ఇత్తడి అంచు. మధ్యలో ఏముందో ఎవరికీ తెలియదు, వేలెడు మందాన గడ్డకట్టిన పసుపు తప్ప. ఇంటి పెద్దలు అందులో ఉన్నారు, ప్రతి అమావాస్యకీ పసుపు పూసి, బొట్టు పెట్టి మొక్కాలి, ఎన్నడూ దింపకూడదు, కడగకూడదు. కడిగితే పెద్దలు ఇల్లు విడిచిపోతారు. ఈ మాట మంగాయమ్మకి అత్తగారు చెప్పింది. అత్తగారికి చెప్పింది మావగారి మేనత్త తాయారమ్మట. ఆ ముసలావిడ పలకని తన చేత్తోనే గోడకి తగిలించి, చివరికి దాని కిందే మంచం వేయించుకుని కన్నుమూసిందట. అత్తమావలు కూడా పోయాక పసుపు పూసే వంతు మంగాయమ్మకి పూర్తిగా వచ్చింది. ఒక్క అమావాస్య తప్పలేదు.

పంతొమ్మిది వందల ఇరవై ఆరులో పెద్దల అమావాస్య బుధవారం వచ్చింది. వానలు వెనకపట్టాయి. పోలయ్య పనికెళ్ళాడు. మంగాయమ్మ తలంటుకుని, పసుపు కలిపి, పలక ముందు నిలబడింది. పలక గోడ నుంచి రెండు వేళ్ళు ముందుకి వచ్చి ఉంది. పదేళ్ళుగా చూస్తున్న పలక, ఆ మాత్రం తేడా తెలియకుండా ఉంటుందా? దింపకూడదు గనక దింపలేదు. వెనక చెయ్యి పెట్టింది. మైనపుగుడ్డ పొట్లం ఒకటి చేతికొచ్చింది.

విప్పితే రెండు ఫోటోలు. మొదటిదానిలో ఒక పిల్ల, పదిహేను పదహారేళ్ళుంటాయి, బర్మా లుంగీ కట్టి కొప్పులో పువ్వు పెట్టుకుంది. తెల్లగా ఉంది, కళ్ళలో నలుపన్నదే లేదు. ఒళ్ళో రెండేళ్ళ మగపిల్లాడు. వాడి నుదురు, ఆ దొప్ప చెవులు, మొండిగా బిగించిన ఆ మూతి, అచ్చం బంగారురాజే. రెండోదానిలో గడ్డం పెంచిన తెల్లవాడొకడు, ఉలి ఒకటి చేత పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. రెండింటి వెనకా ఏదో రాత ఉంది.

మంగాయమ్మ ఫోటోలు మళ్ళీ ఒకసారి తిప్పి చూసింది. చూడాలనుకున్నది చూసినా కడుపు మండుతుందని ఆమెకి అప్పుడే తెలిసింది. కథంతా ఒక్క నిమిషంలో అల్లుకుంది. పిల్ల ట్వంటేలో ఉంది, ఏ దొరకో పుట్టింది, ఆ గడ్డంవాడు దాని తండ్రి. ఒళ్ళో ఉన్నవాడు తన మొగుడి కొడుకు. తెల్లవాడికి అల్లుడై కూడా తన పక్కన కూర్చుని ఏమీ ఎరగనట్టు గంజి తాగుతున్నాడు! పైగా ఆ ముఖాల్ని తెచ్చి తను మొక్కే పెద్దల వెనక దాచాడు. ఏడుపొచ్చింది, ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది.

కోపంలో ఎవరైనా ఇంట్లో రెండు గిన్నెలు విసురుతారు. మంగాయమ్మ గిన్నెలు విసరలేదు. పొట్లం బొడ్డున దోపుకుని తిన్నగా జోగి మేస్త్రీ ఇంటికెళ్ళింది. జోగి మేస్త్రీ రేవులో మూడు ముఠాలకి పెద్ద, కులానికీ పెద్ద. ఆయన మాట మీద పెళ్ళిళ్ళు కుదురుతాయి, ఆయన మాట మీద చావులకి నలుగురు లేస్తారు. తన మొగుడికి ట్వంటేలో ఆడదుందని, బిడ్డ కూడా ఉన్నాడని, ఆయన ముందు చెప్పేసింది. ఫోటోలు మాత్రం ఎందుకో తీసి చూపించలేదు, కొంగు తియ్యడానికి సిగ్గనిపించింది. ఆ సిగ్గే తర్వాత ఆమెని కాపాడింది.

మేస్త్రీ చుట్ట పక్కన పెట్టి విన్నాడు. ఆదివారం పొద్దున్న కులం కూర్చుంటుందన్నాడు. పోలయ్య ఒప్పుకుంటే సరే, లేదంటే మధ్యాహ్నం లాంచీకి తనే మరో ఇద్దర్ని వెంటబెట్టుకుని ట్వంటే పోయి, ఆ ఆడదాన్ని, ఆ బిడ్డని కళ్ళారా చూసి వస్తానన్నాడు. అంతవరకు మొగుడితో ఏమీ అనొద్దన్నాడు. గుమ్మం పక్క అప్పలమ్మ నిలబడి అంతా విని, జాలిగా తల ఊపింది. ఆ జాలి మంగాయమ్మకి నచ్చలేదు. కాలు జారితే తీసుకోవచ్చుగాని నోరు జారితే తీసుకోలేం.

మర్నాడు పొద్దున్న, రోజూలాగే వీధి చివర తన అట్ల పొయ్యి దగ్గర అమ్మకానికి అట్లు పోస్తూ ఆలోచించింది. వెనక రాసింది ఏమిటో తెలిస్తే ఆదివారం మొగుడు తప్పించుకోకుండా ఉంటాడు. తన మనుషులకి చూపిస్తే పరువు పోతుంది. రోజూ వచ్చి రెండట్లు ఉల్లిపాయ కారంతో తినేసి పోయే మనీలా మనిషి ఒకాయన ఉన్నాడు. ఊళ్ళో లత అనే పేటలో ఒక సినిమా హాల్లో మూగబొమ్మలకి ఫిడేలు వాయిస్తాడు. లైనులో అందరూ ఫిడేలు దొర అంటారు. అతని నోటి మాట జోగి మేస్త్రీ చెవి దాకా పోయే దారి లేదు. అట్టు ఆకులో పెట్టి, ఆకు పక్కన ఫోటోలు పెట్టింది.

అతను చెయ్యి తుడుచుకుని మొదటి ఫోటో తిప్పాడు. చదివి నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నాడని ఆమెకి అనుమానమే. ఇది ఇంగ్లీషు కాదు, స్పానిషు అన్నాడు తన బజారు హిందుస్తానీలో. తమ దేశాన్ని అమెరికావాళ్ళ కంటే ముందు ఏలిన స్పెయినువాళ్ళ భాష. చిన్నప్పుడు పాదిరీలు తనకి నేర్పారు. తర్వాత వేలు పెట్టి చదివి చెప్పాడు. "నా కూతురు గంగాభవాని, నా కొడుకు సన్యాసి."

సన్యాసి పోలయ్య తండ్రి పేరు. ఆయన పోయి మూడేళ్ళయింది. మంగాయమ్మకి ఒళ్ళు భగ్గుమంది. చచ్చిన మావ పేరు తెచ్చి ఆ దొరసాని కొడుక్కి పెట్టుకున్నాడన్నమాట! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు; గంగాభవాని అన్న తెలుగు పేరు, కూతురని కొడుకని వేరువేరుగా రాసిన మాట, ఇవేవీ ఆమె చెవికెక్కలేదు.

ఫిడేలు దొర ఇంకా వేలు తియ్యలేదు. కింద ఊరు, సంవత్సరం ఉన్నాయన్నాడు. రంగూన్, పద్దెనిమిది వందల డెబ్బై రెండు. ఎన్నేళ్ళయిందని అడిగితే, ఫిడేలు తీగలు నొక్కే వేళ్ళ మీద లెక్కపెట్టి యాభై నాలుగన్నాడు.

పెనం మీద అట్టు మాడింది. పోలయ్యకి ముప్పై అయిదు నిండలేదు. యాభై నాలుగేళ్ళ కిందటి ఒడిలో రెండేళ్ళ సన్యాసి అంటే, అది మావగారే.

రెండో ఫోటో వెనక ఎక్కువ రాత ఉంది. అతను రెండుసార్లు చదువుకుని, ఈసారి నవ్వకుండా చెప్పాడు. "నా పిల్లల తల్లి తాయారమ్మకి, కాదిజ్ ఊరి ఓడ వడ్రంగి మతేయో ఇచ్చినది. నేను పోతే ఈ ముఖం పిల్లలకి చూపించు." కాదిజ్ స్పెయినులో సముద్రం ఒడ్డు ఊరని కూడా చెప్పాడు. అట్ల డబ్బులు ఇవ్వబోతే మంగాయమ్మ తీసుకోలేదు. అతను చెప్పింది నిజమో, ఏదో ఒకటి చెప్పి పోయాడో తెలియలేదు. కాని తాయారమ్మ పేరు, సన్యాసి పేరు మనీలావాడికి ఎలా తెలుస్తాయి?

ఇంటికొచ్చి పలక ముందు కూర్చుంది. అనుమానం ఒక గోడ కూలితే ఇంకో గోడకి చేరుతుంది. మావగారి మేనత్త అనుకున్న తాయారమ్మ ఆయన కన్నతల్లి అయితే, ఆవిడ తన చేత్తో తగిలించిన ఈ పలక ఏమిటి? ఎందుకు కడగకూడదు? కడిగితే పోయేది పెద్దలా, ఇంకేదైనానా? చాలాసేపు చేతులు ముడుచుకుని కూర్చుని, చివరికి చెంపలేసుకుని పలక దింపింది.

వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి అద్దింది. పైన తన పదేళ్ళ పసుపు కరిగి పళ్ళెంలోకి జారింది. కింద అత్తగారి పసుపు, గట్టిగా, నల్లబడి, పెచ్చులుగా ఊడింది. ఆ కింద తాయారమ్మ పసుపు. ఆ చివరి పొర ఊడ్డానికి గంట పట్టింది. అప్పుడు అద్దం తగిలింది. అద్దం కింద, అద్దం మీదే తీసిన పాతకాలపు బొమ్మ. గడ్డం ఇంకా పూర్తిగా రాని కుర్రవాడు, తలకి ఓడ మనుషుల టోపీ. ఉలి పట్టుకుని కూర్చున్న ఆ గడ్డంవాడి ముఖమే, పదిహేనేళ్ళు చిన్నది. వాడి కళ్ళు తేలిపోయి, తిన్నగా ఆమె వైపే చూస్తున్నాయి. ఆ కళ్ళు ఆమెకి కొత్త కాదు. రోజూ పొద్దున్నే గంజి కోసం మారాం చేసే కళ్ళు.

ముసలిదాని తెలివి మంగాయమ్మకి అప్పుడర్థమైంది. మొగుణ్ణి గోడ మీద పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా పసుపుతో కప్పి, కులం చేతే మొక్కించింది. నిన్న ఎవణ్ణి మొగుడికి మావనుకుని కడుపు మండించుకుందో, పదేళ్ళుగా వాడి ముందే సాష్టాంగపడుతోంది తను. మంగాయమ్మ ఆ పసుపు నీళ్ళ ముందే కూర్చుని ఏడ్చింది. ఏడుస్తుండగా జోగి మేస్త్రీ గుర్తొచ్చాడు, ఏడుపు ఆగిపోయింది.

సాయంత్రం పోలయ్య వచ్చి గుమ్మంలోనే నిలిచిపోయాడు. గోడ బోసిగా ఉంది. పీట మీద పలక ఉంది, పలకలోంచి ఎవరో చూస్తున్నారు.

"ఎవుడే ఆడు?" అన్నాడు.

"మీ తాత, మావా. స్పెయినోడంట, మతేయో అంట. మనం మొక్కతన్నది ఈడికే."

పోలయ్య చెప్పులు విడవడం మర్చిపోయి వచ్చి పీట ముందు కూలబడ్డాడు. పలకలో ఏముందో అతనికీ తెలియదు. అతనికి తెలిసింది తండ్రి చావు మంచం మీద చెప్పిన నాలుగు ముక్కలే. తాయారమ్మ కోరంగి రేవులో ఓడలు బాగుచేసే దొరతో కలిసి రంగూన్ వచ్చింది. దొర పోయాక కొడుకుని తన అన్న చేతిలో పెట్టింది. అన్న తన కొడుకేనని కులంలో చెప్పి పెంచాడు. కూతురు గంగాభవాని మాత్రం తెలుపు, కళ్ళు కూడా దాచితే దాగేవి కావు. ఆ పిల్లని ట్వంటే కుమ్మరుల మధ్య వదిలారు. అక్కడే బర్మా మనిషిలా పెరిగింది, ముసలిదైంది, చూపు పోయింది. అప్పని చూసుకోరా అని తండ్రి మాట తీసుకున్నాడు. మెత్తని బియ్యం పళ్ళు లేని నోటికి. మఖమలు చెప్పులు వాచిన కాళ్ళకి. వెళ్ళినప్పుడల్లా మేనల్లుడి భుజం మీద తల వాల్చి ఏడుస్తుంది, ఆ మరక అదే. మొన్న గుడిసె నేల తవ్వితే మూత మైనంతో మూసిన జాడీ ఒకటి దొరికింది. అమ్మ బతికుండగా వచ్చి, ఎవరికీ చెప్పకుండా అక్కడ దాచిపోయిన ఫోటోలట. తడిమి చూసి, నాకెలాగూ కనపడవు, నువ్వు దాచమని పోలయ్య చేతిలో పెట్టింది.

మంగాయమ్మ అంతా విని, తల వంచుకుని చెప్పింది. "జోగి మేస్త్రీకి సెప్పీసినాను మావా."

"ఏటి సెప్పినావు?"

"నీకు ట్వంటేలో ఆడదుందని. ఆదోరం కులం కూకుంటాది. నువ్వొప్పుకోపోతే ఆళ్ళు లాంచీ ఎక్కి పోయి సూత్తారంట."

అతను తిడతాడనుకుంది, కొడతాడనుకుంది. అతను కొడుకు వైపు చూశాడు. బంగారురాజు గుమ్మంలో కూర్చుని ఈ గొడవేదీ పట్టకుండా బొంగరానికి తాడు చుట్టుకుంటున్నాడు. ఇంటి గుట్టు లంకకు చేటని ఎవరో ఊరికే అనలేదు. మేస్త్రీ ట్వంటే వెళ్తే తెల్లటి ముసలామె తెలుగు మాట్లాడుతుంది, తమ్ముడి పేరు చెప్పుకుంటుంది. గుడ్డిదానికి దాచడం ఎవరు నేర్పుతారు?

పోలయ్య గొంతు తగ్గించి అన్నాడు. "బర్మా ఆడదుందంటే కులానికి బోజనం ఎట్టమంటారు, పోద్ది. దొర రత్తమంటే అలా కాదే. గుంటడికి పిల్లనెవుడిత్తాడు? మనం సత్తే మోసీదెవుడు?"

అతను ఏం చేయబోతున్నాడో ఆమెకి అర్థమైంది. వద్దనడానికి ఆమె దగ్గర వేరే దారి లేదు.

ఆదివారం లోపు మంగాయమ్మ చేసిన పని ఒక్కటే. బియ్యప్పిండిలో పసుపు చిక్కగా కలిపి, మూడు పూటలా మూడు పొరలు పూసి, ఆరబెట్టి, పలకని మళ్ళీ గోడకెత్తింది. పదేళ్ళూ ఎవరికో తెలియక పూసింది. ఇప్పుడు ఎవరికో తెలిసి, ఆ కళ్ళ మీద తన వేళ్ళతోనే పూసింది. పొట్లం మళ్ళీ పలక వెనక్కి వెళ్ళింది.

కోవెల పక్క రేకుల పాకలో కులం కూర్చుంది. పెద్దలు ఐదుగురు. వాళ్ళలో ఇద్దరికి బర్మా సంసారాలున్నాయని పాకలో పాకే పిల్లలక్కూడా తెలుసు, అయినా న్యాయం న్యాయమే. జోగి మేస్త్రీ గొంతు సవరించుకుని అడిగాడు. పోలయ్య లేచి, తువ్వాలు నడుముకి చుట్టుకుని, చేతులు కట్టుకున్నాడు.

"ఉంది బావూ. తప్పే సేసినాను," అన్నాడు.

ఆడది ఇప్పుడెక్కడుందంటే, మొన్ననే మాండలే వైపు పంపేశానన్నాడు. బిడ్డ సంగతేమిటంటే, ఆ బిడ్డ నాది కాదన్నాడు. ఆ ఒక్కటీ నిజం. మేస్త్రీ పక్కవాళ్ళ వైపు చూశాడు. అయితే ట్వంటే పోవలసిన పని లేదని అందరికీ హాయిగానే ఉంది, ఎండ బాగా ఉంది. మంగాయమ్మ కూడా లోపల ఊపిరి వదిలింది. వినే వాళ్ళకది ఏడుపులా వినిపించింది.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి అప్పలమ్మ గొంతు లేచింది. మొగుడి సంగతి తేలింది, బాగానే ఉంది, మరి ఇంట్లో తిరిగే ఆ పిల్లికళ్ళ సంగతేమిటని అడిగింది. తప్పు చెయ్యడానికి ఆడది కాలవ దాటనక్కర్లేదు, రేవు పక్కనే కదా ఉందని కూడా అంది. పాకలో కొందరు నవ్వారు. తలలన్నీ బంగారురాజు వైపు తిరిగాయి. వాడు తల్లి కొంగులో ముఖం దాచుకున్నాడు.

ఏడేళ్ళ మాటకి జవాబు మంగాయమ్మ నాలుక చివర ఉంది. ఇంటికి పరుగెత్తి, పలక కడిగి తెచ్చి అప్పలమ్మ ముఖం ముందు పెడితే చాలు. అవును, ఓడలోనే దిగాయి ఆ కళ్ళు, నా మొగుడి తాత కళ్ళు అంటే చాలు. ఆమె శీలం మీద పడ్డ మట్టంతా ఒక్క మాటతో కడుక్కుపోతుంది. పోలయ్య ఆమె వైపు చూశాడు. చెప్పొద్దని కూడా సైగ చెయ్యలేదు. చెయ్యడానికి అతనికి ముఖం లేదు.

మంగాయమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసి లేచి నిలబడింది. "నా మొగుడు తప్పొప్పుకున్నాడు. బోజనం ఎప్పుడెట్టాలో సెప్పండి," అంది.

అంతకు మించి ఆమె చేత మాట్లాడించలేకపోయారు. జవాబు చెప్పలేక తప్పించుకుందని అప్పలమ్మ అందరికీ వినపడేలాగే గొణిగింది. మేస్త్రీ కర్పూరం వెలిగించి, ఇక ట్వంటే గడప తొక్కనని పోలయ్య చేత ప్రమాణం చేయించాడు. మంట మీద చెయ్యి చాపినప్పుడు అతని గొంతు జీరబోయింది. ఆ ఆడదాని మీద ఇంకా మోజు తీరలేదు పాపం అని వెనక ఎవరో అన్నారు.

దసరా వెళ్ళాక కులానికి వేటమాంసంతో భోజనం పెట్టారు. అప్పలమ్మ రెండుసార్లు కూర వేయించుకుంది. మంగాయమ్మే వడ్డించింది.

మళ్ళీ మొదటి ఆదివారం వచ్చింది. పోలయ్య మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. మంగాయమ్మ మెత్తని బియ్యం, బెల్లం, పొగాకు మూటగట్టింది. తనే లాంచీ రేవుకి నడిచింది. దారిలో అప్పలమ్మ ఎదురై ఎక్కడికని అడిగింది. ట్వంటేకని, ఆ ఆడది నిజంగా పోయిందో లేదో చూసి వస్తానని చెప్పింది. అనుమానం మనిషివే నువ్వు అని అప్పలమ్మ బుగ్గ నొక్కుకుంది. ఆ సాయంత్రానికి లైనంతా ఆ పేరే పడింది. ఆ పేరు మంగాయమ్మకిప్పుడు గొడుగులా పనికొచ్చింది.

కుండలు కాల్చే ఆవాల వెనక గుడిసె. గంగాభవానిని అక్కడ దో గంగా అంటారు, బర్మా మాటలో గంగమ్మగారని; ఆ ఇల్లెక్కడంటే కుమ్మరి పిల్ల ఒకతె చూపించింది. గుమ్మంలో ముసలామె కూర్చుని రాతి మీద తనాకా అరగదీస్తోంది. ముఖం ముడతలు పడినా తెలుపు పోలేదు. తేలిపోయిన కళ్ళ మీద పాలమీగడలా తెల్లపొర.

"ఎవులది? మా పోలయ్య అడుగు కాదే," అంది తెలుగులో, యాభై ఏళ్ళ కిందటి తెలుగులో.

"కోడల్ని అత్తా. మంగాయమ్మని."

ముసలామె చెయ్యి ఆగింది. పోలయ్య ఎందుకు రాలేదని అడిగింది. జ్వరమని చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చింది మంగాయమ్మ. ఆ గుడ్డి కళ్ళ ముందు అబద్ధం రాలేదు. నా నోటి వల్లే రాలేకపోయాడని, ఇక రాడని, తనే వస్తుంటానని చెప్పింది. జరిగిందంతా చెప్పి, తప్పు తనదేనంది. ముసలామె మళ్ళీ తనాకా అరగదీయడం మొదలెట్టింది.

"పలక కడిగీసినావా?" అంది.

"కడిగీసినాను అత్తా. మల్లీ పూసీసినాను."

"లోన నాన్నేనా?"

ఔనంది మంగాయమ్మ. ముసలామె రాయి పక్కకి పెట్టి, తడిచేతులు లుంగీకి తుడుచుకుంది. నాన్న పోయినప్పుడు తనకి పదహారు. మొదట గొంతు మర్చిపోయింది, తర్వాత ముఖం మర్చిపోయింది. ఫోటోలు దొరికేసరికి చూపు పోయింది. ఈ మాటలు ఆవిడ ఏడవకుండానే చెప్పింది, ఇంకెవరిదో సంగతి చెబుతున్నట్టు.

"ఎలాగున్నాడు?"

ఫోటో వెనక రాసింది ముందు చెప్పింది మంగాయమ్మ. నేను పోతే ఈ ముఖం పిల్లలకి చూపించు. ముసలామె ఆ మాట తనూ ఇంకోసారి అనుకుంది. తర్వాత మంగాయమ్మ అటూ ఇటూ చూసింది. జోగి మేస్త్రీ లేడు, అప్పలమ్మ లేదు, కులం లేదు. ఏడేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డది ఆ గుడిసె గుమ్మంలో బయటికొచ్చింది.

"మా గుంటడి కళ్ళే అత్తా. మా బంగారురాజు కళ్ళే," అంది.

ముసలామె చెయ్యి చాచి ఆమె ముఖం తడిమింది, అది తడిగా ఉంది. ఈసారి గుంటణ్ణి కూడా తీసుకురా, నేను చేత్తో చూసుకుంటానంది. వచ్చేటప్పుడు గోడవార నుంచి కుండ ఒకటి తీసి చేతిలో పెట్టింది.

పొద్దుగూకే వేళకి లాంచీ రంగూన్ చేరింది. రేవు మెట్ల మీద అప్పలమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు, పని ఉన్నట్టు నిలబడి ఉన్నారు. ఏమే, ఆ ఆడది దొరికిందా అని అడిగింది అప్పలమ్మ.

"దొరకనేదొదినా," అంది మంగాయమ్మ, ముప్పై ఏడో కుండ నెత్తికెత్తుకుంటూ. "వొచ్చే నెల మల్లీ ఎల్తాను. గుంటణ్ణి కూడా తీసుకెల్తాను, ఎతకడానికి ఆడి కళ్ళు బాగా కనపడతాయి."